మద్రాసులో ఆగిపోయిన భోజనం

మద్రాసుకు వెళ్ళాలని నాకు లేదు. ఈ ముక్క మొదటే చెప్పేస్తే తరవాత ఎవరూ నన్ను ఏమీ అనడానికి వీలుండదు. రాష్ట్రం విడిపోయినప్పుడు ఆ పట్నం మనకు దక్కకపోవడం ఒక కారణం. అందుకు బాధ్యులైన వాళ్ళందరూ నాకు గుర్తున్నారు. దాని గురించి రాయాలంటే వేరే పుస్తకం కావాలి. రెండో కారణం ఇంకా పెద్దది. మా తోడల్లుడు వెంకటసుబ్బయ్య ఆ ఊళ్ళోనే ఉంటాడు.

మా ఆవిడ రత్నమ్మకు కామాక్షమ్మ అని ఒక్కతే అక్క. ఆమె భర్త ఈ వెంకటసుబ్బయ్య. జార్జిటౌనులో వాళ్ళది తరతరాలుగా మిరపకాయల టోకు వ్యాపారం. మహాత్ముడు పోయిన రోజు సాయంత్రం, తన మనవడి పుట్టినరోజు విందుకు పిలిచి, ఆయన, ఒక్కణ్ణే వెళ్ళిన నన్ను విస్తరి ముందు నుంచి చెయ్యి పట్టుకుని లేపాడు. మా వాళ్ళలో దీనికి మించిన అవమానం లేదు. నీళ్ళు చల్లి విస్తరి కడిగి, పప్పు వడ్డించాక, కూర్చున్నవాడు శత్రువైనా సరే తిని లేవాల్సిందే. ఆ తరవాత ఎనిమిదేళ్ళు నేను ఆ గడప తొక్కలేదు. నేను తొక్కలేదు గనక రత్నమ్మా తొక్కలేదు.

పోయిన నెల మా గూడూరు నుంచి మద్రాసుకు నిమ్మకాయలు పంపే వ్యాపారి ఒకాయన కబురు తెచ్చాడు. కామాక్షమ్మకు రెండు కళ్ళలోనూ శుక్లాలు పెరిగిపోయాయట. వచ్చేవారం ఆపరేషనట. కట్టు విప్పాక ఏం కనిపిస్తుందో డాక్టరు కూడా గట్టిగా చెప్పడంలేదట. ఈలోగా చెల్లెల్ని ఒకసారి చూడాలని ఉందట.

ఆ రాత్రి రత్నమ్మ నాకు మజ్జిగ పోస్తూ, "అక్కకు చూపు ఉండంగానే పోయి కనిపించి వస్తా," అంది. "మీరొస్తే రాండి. రాకుంటే కొట్లో కూర్చోండి. స్టేషనుకు దారి నాకు తెలుసు."

ఎనిమిదేళ్ళలో ఆమె నాతో ఇంత కటువుగా మాట్లాడటం అదే మొదలు. నేను వస్తానన్నాను. అయితే ఆ ఇంట్లో మంచినీళ్ళు తప్ప ఏదీ ముట్టననీ, అదే రోజు మధ్యాహ్నం పాసింజరుకు తిరిగి రావాల్సిందేననీ చెప్పాను. రత్నమ్మ అటక మీద నుంచి క్యారియరు దింపి తోమడం మొదలుపెట్టింది.

తెల్లవారకముందే గూడూరులో పాసింజరు ఎక్కాం. స్టేషనుకు వెళ్ళేదారిలో ఒక కాఫీ హోటలుంది. దాని యజమాని మూడేళ్ళ కిందట నాకు సరిగా కడగని గ్లాసులో కాఫీ ఇచ్చాడు. అప్పటినుంచి నేను అక్కడ తాగను. కానీ ఎప్పుడు రైలెక్కినా ఆయన చూసేలా ఆ హోటలు ముందు నుంచే నడిచి వెళతాను. ఆ రోజు ఆయన ఇంకా నిద్రలేవలేదు. ప్రయాణం మొదట్లోనే అట్లా ఒక నష్టం జరిగింది.

మూడో తరగతి పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికింది. నా తరవాత ఈ దారిన వెళ్ళేవాళ్ళకు ఒక మాట. మద్రాసుకు వెళ్ళేటప్పుడు తూర్పువైపు కూర్చుంటే ఎండ ముఖాన కొడుతుంది గానీ, తడ దాటేటప్పుడు పులికాటు మీద నుంచి వచ్చే గాలి అంతా మీదే. పడమటివైపు కూర్చున్నవాళ్ళకు ఇంజను బొగ్గు నలుసులు దక్కుతాయి. నేను తూర్పున కూర్చున్నాను. ఆ పొద్దు గాలి తిరగబడి నలుసులు నాకే దక్కాయి.

నా ఎదురుగా వెంకటగిరి చీరల ఆయన ఒళ్ళో మూటతో కూర్చున్నాడు. నాయుడుపేటలో ఒక ముసలమ్మ గంపతో ఎక్కి, గంప నా కాళ్ళ దగ్గర పెట్టి, నా కాళ్ళను పక్కకు జరిపింది. నన్నడగలేదు.

"యాడికి నాయనా, పట్నానికా? చుట్టాలింటికా?" అంది.

"చుట్టాలిల్లే. కానీ అక్కడ తినం," అన్నాను.

రత్నమ్మ ముఖం కిటికీ వైపు తిప్పుకుంది. చీరల ఆయన మాత్రం ముందుకు వంగాడు. "అదేంది సామీ, చుట్టాలింటికి పోయి తినకుండా ఎట్ట వస్తారు?"

సంగతంతా చెప్పాను. ఎవరు ఎక్కడ కూర్చున్నారో, నా విస్తరి ద్వారానికి ఎంత దగ్గరగా ఉందో అన్నీ చెప్పాను. "మీరే న్యాయం చెప్పండి. పప్పు వడ్డించాక మనిషిని లేపొచ్చా?"

"శివ శివా! లేపగూడదు," అంది ముసలమ్మ. "ఏపొద్దు జరిగింది ఇది?"

"మహాత్ముడు పోయిన పొద్దు."

అంతే. నా విస్తరి సంగతి అక్కడితో సరి.

"ఆపొద్దు నేను మగ్గం గుంటలో ఉండా," అని చీరల ఆయన అందుకున్నాడు. "అంచు నేస్తా ఉంటే మా నాయన వాకిట్లో నిలబడి చెప్పినాడు. చేతులు ఆడలా. రెండు మూడు దినాలు మగ్గం అట్నే వదిలేసినాం. మళ్ళా కూర్చుని నేస్తే, ఆడ్నించి నేత బిగువు మారిపోయింది. ఆ చీర కొన్నామె యాడాది తరవాత తెచ్చి, ఈడ ఏందయ్యా గీత అని అడిగింది. ఉన్నదున్నట్టు చెప్పినా. మార్చమంటాదనుకున్నా. భద్రంగా మడిచి ఎత్తకపోయింది."

ముసలమ్మ ఆయన ముగించేదాకా ఆగలేకపోయింది. "నా మనవడు ఆపొద్దే పుట్టినాడు. గదిలో నా కూతురికాడ నేనుండా. బయట ఒకటే ఏడుపులు. బిడ్డకేమైందో అని నా గుండె ఆగిపోయింది. చూస్తే బిడ్డ నా చేతుల్లోనే ఉండాడు!"

పెట్టెలో నలుగురూ నవ్వారు.

"నవ్వబాకండి. ఊరంతా చేరి వాడికి ఆయన పేరే పెట్టించినారు. ఇప్పుడు వాడు పక్కింటోళ్ళ చెట్టెక్కి మామిడికాయలు దూస్తాడు, అడిగితే నేను కాదంటాడు. కట్టె ఎత్తుతా. పేరు పెట్టి తిట్టబోతా. కట్టె దించేస్తా. ఆ పేరు నోట్లో ఉండంగా ఎట్ట కొట్టేది నాయనా?"

ఈసారి రత్నమ్మ కూడా నవ్వింది. సూళ్ళూరుపేట దగ్గర నవ్వులు సద్దుమణిగాక నేను మళ్ళీ నా సంగతి ఎత్తుకోబోయాను. పైన సామాన్ల బల్ల మీద పడుకున్న ఒక యువకుడు తల కిందికి వేలాడేసి, "నేను ఆపొద్దు నిద్రపోతా ఉండా," అన్నాడు. "మా ఇంట్లో అందరూ ఏడ్చి, బావికాడ స్నానాలు చేసి, దీపం పెట్టి, పడుకున్నాక లేచినా. నన్ను ఎవరూ లేపలా."

"చూశారా?" అన్నాను నేను. "లేపాల్సిన వాణ్ణి లేపలేదు. నన్ను మాత్రం లేపారు." కానీ అప్పటికి ముసలమ్మ ఆ యువకుడికి పెళ్ళయిందా లేదా అని విచారణ మొదలుపెట్టింది.

ఒక సంగతి నేను గమనించాను. ఎవరిని కదిపినా ఆ సాయంత్రం వాళ్ళకు అద్దంలో కనిపించినట్టు కనిపిస్తుంది. కాళ్ళ కింద నేల, చేతిలో పని, వాకిట్లో నిలబడ్డ మనిషి, అన్నీ గుర్తే. అవి చెప్పేటప్పుడు అందరి గొంతూ ఒకే తీరుగా మెత్తబడుతుంది. తిరువొత్తియూరు దగ్గర రైలు సిగ్నలుకు ఆగినప్పుడు, ఇళ్ళ సందుల్లోంచి సముద్రం తళుక్కుమంటూ ఉంటే, నాకు జరిగిన నష్టం ఎంతటిదో మొదటిసారి స్పష్టంగా తెలిసింది. ఆ పూట దేశమంతా పస్తు ఉంది. నేనూ పస్తే ఉన్నాను, సెంట్రల్ స్టేషనులో ఒక స్తంభానికి ఆనుకుని. కానీ వాళ్ళది దుఃఖంతో పస్తు. నాది అవమానంతో పస్తు. ఆయన పోయాడని ఏడవాల్సిన పూట, నన్ను లేపాడని ఉడికిపోతూ కూర్చున్నాను. ఎవరికైనా ఆ రోజు తలుచుకుంటే మహాత్ముడు గుర్తొస్తాడు. నాకు మా తోడల్లుడి చెయ్యి గుర్తొస్తుంది. ఇది ఎవరు తీర్చగలిగిన నష్టం?

పదిన్నర దాటాక సెంట్రల్‌లో దిగాం. బయట జట్కాల వాళ్ళు చుట్టుముట్టారు. మీకు బేరమాడటం రాకపోతే, గుర్రం బక్కగా ఉన్న బండి కాక తోలేవాడు ముసలివాడైన బండి ఎక్కండి, తొందరపెట్టడు. మేము ఎక్కిన బండి ఆయన తెల్లగడ్డం ముస్లిం పెద్దమనిషి. తెలుగు ఆయనకు బాగానే వచ్చు. మధ్యాహ్నం రెండింటికి మళ్ళీ వచ్చి మమ్మల్ని స్టేషనుకు తీసుకుపోవాలని దారిలోనే మాట్లాడుకున్నాను.

"చుట్టాలింటికి వచ్చి అంత తొందరగా పోతారా సామీ?" అన్నాడు.

కారణం చెప్పాను. ఆయనా నా విస్తరి గురించి ఏమీ అనలేదు. కాసేపు పగ్గాలు వదులుగా పట్టుకుని, "ఆ సాయంత్రం నేను బండి కట్టలేదు," అన్నాడు. "ఆ పని చేసింది ఎవరో రేడియోలో చెప్పేదాకా మా వీధిలో ఒక్క తలుపు తెరవలేదు. దేవుడా, మావాడు కాకూడదు అని మా అమ్మ నేల మీద తల ఆనించి కూర్చుంది. కాదని తెలిసింది. అప్పుడు ఏడ్చింది. అప్పటిదాకా ఏడవడానికి కూడా భయం." గుర్రాన్ని అదిలించి, వెంటనే నవ్వాడు. "మరుసటి రోజు సంతాపసభకని బీచికి జనాన్ని తోలీ తోలీ ఈ గుర్రం తల్లి చిక్కి సగమైపోయింది. అప్పటినుంచీ బీచివైపు తిప్పితే మొరాయించేది!"

ఏడవడానికి కూడా వీలు లేకపోయిన వాడు ఇంకొకడున్నాడని విని నేను ఆ తరవాత దారిలో నా విస్తరి సంగతి ఎత్తలేదు.

వెంకటసుబ్బయ్య ఇల్లు మిరపకాయల ఘాటుకు సందు మొదట్లోనే తెలుస్తుంది. కామాక్షమ్మ గోడ పట్టుకుని గుమ్మం దాకా వచ్చింది. రత్నమ్మ బండి ఆగకముందే దూకింది. అక్క చెల్లెల్ని వెలుతురు పడే చోటికి లాక్కుపోయి, గడ్డం పట్టుకుని అటూ ఇటూ తిప్పి, ముఖంలో ముఖం పెట్టి చూసింది.

"కనిపిస్తుండానా అక్కా?"

"పొగలో కనిపించినట్టు కనిపిస్తుండావు. లావైనావే నువ్వు!"

"నేను కాదు, అది నీ కళ్ళలో పొర."

ఇద్దరూ ఒకళ్ళ భుజం మీద ఒకళ్ళు వాలి నవ్వుతూ ఏడ్చారు. నేను క్యారియరు పట్టుకుని అరుగు మీద ఒక చివర కూర్చున్నాను. రెండో చివర వెంకటసుబ్బయ్య కూర్చున్నాడు. జుట్టు పూర్తిగా నెరిసింది. నా వైపు చూడకుండా లోపలికి కేక వేశాడు.

"కామాక్షీ, ఆయన్ను లోపలికి రమ్మను. వెయిల్లో ఎందుకు కూర్చోవడం?"

"వదినా, నాకు ఎండ బాగానే ఉందని చెప్పండి," అన్నాను నేను.

"ఎండ పడితే తలనొప్పి వస్తాదని చెప్పు."

"వస్తే నా తల అని చెప్పండి."

చాలాసేపు ఇట్లాగే గడిచింది. లోపల నుంచి అక్కచెల్లెళ్ళ మాటలు ఆగకుండా వినిపిస్తున్నాయి. ఎనిమిదేళ్ళ కబుర్లు రెండింటిలోగా అయిపోవాలని వాళ్ళకు తెలుసు. ఒకళ్ళ మాట ముగియకముందే ఇంకొకళ్ళు అందుకుంటున్నారు. ఎండ అరుగు మీదికి ఎక్కాక నేను క్యారియరు తీశాను. కామాక్షమ్మ గోడ తడుముకుంటూ బయటికి వచ్చింది.

"మరిదిగారూ, చూపు పోయింది గానీ ముక్కు పోలేదు. ఆ పెరుగన్నం పులిసిపోయింది. కుక్క కూడా ముట్టదు."

నిజమే. పొద్దున నాలుగింటి నుంచి వేడి పెట్టెలో ఉన్న అన్నం.

ఆమె మా ఇద్దరికీ మధ్య అరుగు మీద కూర్చుంది. "ఇద్దరూ వినండి. వచ్చేవారం నా కళ్ళకు కట్టు కడతారు. విప్పినాక ఏం కనిపిస్తాదో ఆ దేవుడికే తెలియాల. మీరిద్దరూ నా ఇంట్లో ఒక పంక్తిలో కూర్చుని తినేది నేను ఈపొద్దే చూడాల. ఏందో ఆ పంచాయితీ, నా ముందరే తెంపుకోండి."

ఆమెను చూసి నేను నోరు విప్పాను. "అన్నయ్యా, అందరితోబాటు లేవమంటే నేనూ లేచేవాణ్ణి. నేను ఖద్దరు కట్టినవాణ్ణే. కానీ మీరు వీధిలోంచి వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకముందే, పంక్తిలో అందర్నీ వదిలి నా ఒక్కడి చెయ్యి పట్టి లేపారు. తరవాత కదా సంగతి చెప్పారు! మిగతావాళ్ళంతా విని లేచారు. నేనొక్కణ్ణే ఎందుకో తెలియకుండా లేచాను."

వెంకటసుబ్బయ్య మొదటిసారి నా వైపు తిరిగాడు. "నేను నిన్ను లేపినానా?"

"మరి లేపలేదా?"

"ఎదురింటి రేడియోలో ఆ మాట విన్నాను. ఇంట్లోకి వచ్చే లోపల కాళ్ళు నిలవలా తమ్ముడూ. కళ్ళు తిరిగిపోయినాయి. ద్వారం పక్కన మొదటి విస్తరి నీది. పడిపోకుండా చేతికి దొరికింది పట్టుకున్నా. స్తంభముంటే స్తంభాన్ని పట్టుకుందును. నువ్వుండావు."

నేను నమ్మలేదు. "లేపినట్టే పట్టుకున్నారు. పైకి లాగారు."

"లాగలా. నువ్వే లేచినావు."

"మీరు లాగితే లేచాను."

"సరి, అప్పురం? ఆ తరవాత? అందరం స్నానాలు చేసి వచ్చి చూస్తే నువ్వు లేవు. చెప్పకుండా యాడికి పోయినావు? ఊరంతా అల్లాడిపోతున్న సాయంత్రం, ఆడ ఈడ అని లేకుండా మనుషుల్ని పంపి వెతికించినా. నా ఇంటికి వచ్చిన మనిషి కనపడకుండా పోతే నాకెంత అవమానం? నేనెవరికి చెప్పుకోను?"

ఆయనకూ ఒక ఫిర్యాదు ఉందని నాకు ఇన్నేళ్ళూ ఎవరూ చెప్పలేదు. "స్టేషనులో ఉన్నాను," అన్నాను. "స్తంభానికి ఆనుకుని."

"తిన్నావా?"

"ఎవరు పెడతారు ఆ రోజు? ఆకలి అని నోరు తెరిచి అడగడానికి వీలున్న రోజా అది?"

ఆయన తప్పయిందని అనలేదు, నేనూ అనలేదు. మీలో ఎవరికైనా తోడల్లుళ్ళుంటే, ఆ మాట కోసం కూర్చోవద్దు. ఆయన లేచి లోపలికి వెళ్ళాడు. వంటింట్లోంచి ఆకులు తెచ్చి, కూడంలో, అంటే ఇంటి నడిమి హాల్లో, తన చేత్తో రెండు విస్తర్లు పరిచాడు. నీళ్ళు చల్లాడు. తరవాత వీధి తలుపు దగ్గరికి వెళ్ళి గడియ వేశాడు. రేడియో మీటలు తిప్పి ఆర్పేశాడు. ఇంట్లో వాళ్ళందరికీ వినిపించేలా గట్టిగా అన్నాడు.

"ఎవరు వచ్చినా తలుపు తియ్యొద్దు. దేశంలో ఎవరు పోయినా సరే, ఈయన చెయ్యి కడుక్కునేదాకా నాకు చెప్పొద్దు!"

రత్నమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను వెళ్ళి విస్తరి ముందు కూర్చున్నాను. ఆకలివేసి కూర్చున్నానని అనుకోవద్దు. మా వదిన కళ్ళ సంగతి ఉంది గనక కూర్చున్నాను. కామాక్షమ్మ మా ఎదురుగా, విస్తర్లకు చాలా దగ్గరగా పీట వేసుకుంది. మా ఆవిడ వడ్డించింది. కందిపప్పు, నెయ్యి, అరటికాయ వేపుడు, మిరియాల చారు. మద్రాసు నీళ్ళతో పప్పు ఉడకదని విన్నాను. అది అబద్ధం.

చారు దగ్గర ఉండగా తలుపు చప్పుడయింది.

ఇంట్లో ఎవరూ కదల్లేదు. వెంకటసుబ్బయ్య ఎడమచెయ్యి ఎత్తి నా వైపు చూపించాడు, నువ్వు తిను అన్నట్టు. చప్పుడు మళ్ళీ అయింది. ఈసారి గట్టిగా.

"సామీ! బండి వచ్చింది!" జట్కా పెద్దమనిషి గొంతు.

"భోంచేస్తుండారు!" అని వెంకటసుబ్బయ్య కేకవేశాడు.

"రైలు పోతుంది సామీ!"

"పోనీ!"

నేను రత్నమ్మ ముఖం చూశాను. ఆమె నా ముఖం చూడకుండా పెరుగు గిన్నె ఎత్తి పట్టుకుని నిలబడింది. వెయ్యనా వద్దా అని అడగడం లేదు. ఉత్తినే నిలబడింది. వద్దంటే చెయ్యి కడుక్కుని లేవాలి. లేస్తే బండి దొరుకుతుంది, రైలు దొరుకుతుంది.

"వెయ్యి," అన్నాను. "నన్ను ఈ విస్తరి ముందు నుంచి ఇంకెవరూ లేపలేరు. రైలైనా సరే."

కామాక్షమ్మ చప్పట్లు కొట్టింది. బండి ఆయన అరుగు మీద కూర్చుని మా భోజనం అయ్యేదాకా ఉన్నాడు. ఆయనకూ ఆ పూట అక్కడే పెట్టారు. పెరుగు బాగుంది సామీ అని ఆయన అంటే, ఈయన రైలు వదులుకున్నది ఆ పెరుగు కోసమే అని వెంకటసుబ్బయ్య నా వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. గుర్తు పెట్టుకున్నాను.

రైలు పోయింది గనక ఉండిపోయాం. సాయంత్రం మా తోడల్లుడూ నేనూ బీచిదాకా నడిచి వెళ్ళి, ఇసకలో చెరో పొట్లం ఉడికించిన శనగల సుండలు తిన్నాం. ఆయన తన పొట్లం ముందే ముగించి నాది కూడా తిన్నాడు. తిరిగి వచ్చేసరికి అక్కచెల్లెళ్ళు కూడంలో ఒకే చాప మీద కూర్చుని, చిన్నప్పుడు ఎవరో మేనత్త పాడిన పాట తప్పులతో పాడుతున్నారు. మేము వచ్చింది వాళ్ళు చూడలేదు. కామాక్షమ్మకు చూపు లేక, రత్నమ్మకు తీరిక లేక.

మర్నాడు పొద్దున రైలుకు బయలుదేరాం. తిరుగు ప్రయాణానికి పడమటివైపు కూర్చోమని నేనెవరికైనా చెబుతాను. గాలి ఎటు తిరిగినా నలుసులు నాకు పడ్డాయి గనక, మీకు పడవు. మొత్తం మీద మద్రాసు మంచి ఊరే. మనకు దక్కాల్సింది. ఆ ఊళ్ళో రెండు పూటలు ఉంటే చాలు. మూడో పూటకు చుట్టాలు వాళ్ళ అసలు గుణం చూపిస్తారు.

పొన్నేరి దాటేదాకా రత్నమ్మ కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తరవాత తనలో తనే నవ్వుకుంది.

"ఏమిటి?" అన్నాను.

"అక్క చెప్పింది. నా ముఖం పొగలోనే ఉండి, సరిగా కనిపించలేదంట. కానీ మీరు మూడోసారి పెరుగు వేయించుకునేది మాత్రం బాగా కనిపించిందంట. కళ్ళకు కట్టు కట్టినాక కూడా అదే చూసుకుంటా పడుకుంటుందంట."

"మూడోసారి కాదు. రెండోసారే," అన్నాను.

"అక్కకు మూడుసార్లు కనిపించింది."

"శుక్లాలున్న కళ్ళు ఏం చూస్తాయి? రెండుసార్లే. కట్టు విప్పాక నేనే స్వయంగా వెళ్ళి ఆ సంగతి తేల్చుకుని వస్తాను."

"ఎప్పుడు పోదాం?" అంది రత్నమ్మ.